‘కన్సెన్సస్’ అనే ఇంగ్లిష్ మాటను అర్థం చేసుకుని, సరిగ్గా వాడటం ఎలా?

మీటింగ్ అయ్యాక వచ్చే మెయిల్స్‌లో, అంతర్జాతీయ వార్తల్లో, సైన్స్ వ్యాసాల్లో, షేర్ మార్కెట్ రిపోర్టుల్లో ‘కన్సెన్సస్’ అనే మాట తరచూ కనిపిస్తుంది. నిఘంటువు తెరిస్తే ‘ఏకాభిప్రాయం’ అని ఉంటుంది. చదివేటప్పుడు ఆ ఒక్క అర్థంతో నెట్టుకురావచ్చు. చిక్కంతా రాసేటప్పుడే. ఎందుకంటే ఇది మన ఒక్కరి అభిప్రాయం చెప్పే మాట కాదు, పదిమంది తరఫున చెప్పే మాట. ‘దేర్ వాజ్ ఎ కన్సెన్సస్’ అని మినిట్స్‌లో, అంటే మీటింగ్‌లో ఏం జరిగిందో నమోదు చేసే కాగితంలో, రాస్తే, ఆ గదిలో ఉన్న అందరి తరఫునా మీరు హామీ ఇచ్చినట్టే. మనసులో అభ్యంతరం ఉన్న మనిషి ఆ వాక్యం చదివితే, తాను అనని మాట తన పేరు మీద రాశారని బాధపడతాడు. తర్వాతి మీటింగ్‌లో నోరు విప్పడం మానేస్తాడు కూడా.

కాబట్టి ఈ మాటను స్పెల్లింగ్ నుంచి కాకుండా అర్థం నుంచి మొదలుపెడదాం.

మొదటి మెట్టు: ‘అందరూ ఒకేలా అనుకోవడం’ అనే అర్థాన్ని పక్కన పెట్టండి

ఏకాభిప్రాయం అనగానే అందరి అభిప్రాయం ఒకటే అనిపిస్తుంది. కన్సెన్సస్‌కి అంత అవసరం లేదు. ఒక ప్రతిపాదన మీద అందరూ మాట్లాడారు, అభ్యంతరాలు బయటికి వచ్చాయి, వాటికి జవాబు దొరికింది, ఇక ‘ఇది వద్దే వద్దు’ అని గట్టిగా నిలబడేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఈ స్థితికి పేరు కన్సెన్సస్. అందులో కొందరికి ఆ నిర్ణయం బాగా నచ్చి ఉండొచ్చు, కొందరికి ఫర్వాలేదనిపించి ఉండొచ్చు. తానైతే వేరేలా చేసేవాణ్ని అనుకుంటూనే, దీనికి అడ్డు చెప్పనని సర్దుకున్నవాళ్లూ ఉండొచ్చు. వీళ్లందరూ ఉన్నా అది కన్సెన్సస్సే.

ఇది నా సొంత వ్యాఖ్యానం కాదు. ప్రమాణాలు తయారుచేసే అంతర్జాతీయ సంస్థ ఐఎస్ఓ తన నిర్వచనంలో దాదాపు ఇదే చెబుతుంది. ముఖ్యమైన విషయాల మీద పట్టుబట్టి కొనసాగే వ్యతిరేకత లేకపోవడం, అందరి వాదనలూ పరిగణనలోకి తీసుకునే ప్రయత్నం జరగడం, ఈ రెండూ ఉన్న సాధారణ అంగీకారమే కన్సెన్సస్. అందరూ ఏకగ్రీవంగా ఉండాల్సిన పనిలేదని కూడా అక్కడే స్పష్టంగా రాసి ఉంది.

1995 జనవరి 1న మొదలైన ప్రపంచ వాణిజ్య సంస్థ ఇంకా సూటిగా చెప్పింది. నిర్ణయం తీసుకునే సమావేశానికి హాజరైన సభ్యదేశాల్లో ఏ ఒక్కటీ అధికారికంగా అభ్యంతరం చెప్పకపోతే కన్సెన్సస్ ఉన్నట్టే. ‘హాజరైన’ అనే మాట గమనించండి. రానివాళ్ల మౌనం లెక్కలోకి రాదు. ‘అధికారికంగా’ అనే మాట కూడా గమనించండి. కారిడార్‌లో గొణుక్కుంటే అభ్యంతరం కిందికి రాదు. ఆ ఒక్క వాక్యం వల్ల చిన్న దేశం కూడా లేచి నిలబడి నిర్ణయాన్ని ఆపగలదు. అదే కారణంగా అక్కడ చర్చలు ఏళ్ల తరబడి సాగుతాయి కూడా.

ఈ రెండు నిర్వచనాల మధ్య ఒక తేడా ఉంది. ఒకదానిలో జరగాల్సిన ప్రయత్నం ఉంది: అందరి మాటా విన్నారా, జవాబిచ్చారా. రెండోదానిలో ఫలితం మాత్రమే ఉంది: ఎవరైనా అడ్డు చెప్పారా, లేదా. మనం రోజూ పనిచేసే చోట మొదటిదాన్ని పట్టుకోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. భయంతోనో, మొహమాటంతోనో, త్వరగా ఇంటికి వెళ్లాలనో మౌనంగా ఉన్నవాళ్లను కన్సెన్సస్‌లో కలిపేస్తే ఆ మాటకు విలువ పోతుంది.

రెండో మెట్టు: పక్కపక్కనే ఉండే మాటల్ని విడదీయండి

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. కాస్త ఓపిగ్గా చూడండి.

ముందు ‘యునానిమస్’. ఏకగ్రీవం. అడిగిన ప్రతి ఒక్కరూ ఔనన్నారు అని అర్థం. ఒక్కరు కాదన్నా ఆ మాట వాడకూడదు. తెలుగులో ఇంకో మెలిక ఉంది. ఒక పదవికి ఒక్కరే నామినేషన్ వేసి గెలిస్తే మన పత్రికలు ‘ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు’ అని రాస్తాయి. దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు ‘యునానిమస్లీ ఎలెక్టెడ్’ అని రాయడం చాలామందికి అలవాటు. ఓటింగే జరగని చోట సరైన మాట ‘ఎలెక్టెడ్ అనపోజ్డ్’. పోటీ లేదు అని అర్థం. అందరూ ఇష్టపడి ఔనన్నారా లేదా అన్నది ఆ మాట చెప్పదు. అలాంటి చోట ‘కన్సెన్సస్ క్యాండిడేట్’ అని రాయాలంటే, పార్టీలో సంఘాలో ముందే కూర్చుని మాట్లాడుకుని ఒక పేరు మీద సర్దుబాటుకు వచ్చి ఉండాలి. ఒక్కరే పోటీలో ఉన్నంత మాత్రాన ఆ పేరు రాదు.

తర్వాత ‘మెజారిటీ’. సగం కంటే ఎక్కువమంది. ఇది లెక్క. ఇరవైమందిలో పదిహేనుమంది చేతులెత్తితే మెజారిటీ వచ్చింది. ఐదుగురి మాట ఏమైంది అనే ప్రశ్న మెజారిటీకి అక్కర్లేదు, కన్సెన్సస్‌కి మాత్రం అదే అసలు ప్రశ్న. ‘మోస్ట్ పీపుల్ అగ్రీడ్, సో దేర్ ఈజ్ ఎ కన్సెన్సస్’ అనే వాక్యం రోజూ కనిపిస్తుంది. అందులో ‘సో’ అనే మాట నిలవదు. ఎక్కువమంది ఒప్పుకోవడం ఒకటి, మిగిలినవాళ్ల అభ్యంతరం తీరడం ఇంకొకటి.

ఈ తేడా ఎంత సున్నితమైనదో 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో జరిగిన ఓటింగ్ చూస్తే తెలుస్తుంది. సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనకు 48 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. వ్యతిరేకంగా ఒక్కటీ వేయలేదు. కానీ 8 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. దీన్ని మెజారిటీ అంటే తక్కువ చేసినట్టు, యునానిమస్ అంటే ఎక్కువ చేసినట్టు. ‘అడాప్టెడ్ వితౌట్ ఎ డిసెంటింగ్ వోట్’ అంటే సరిగ్గా సరిపోతుంది. వ్యతిరేక ఓటు లేకుండా ఆమోదం పొందింది అని. ఇలాంటి సందర్భం మీ మీటింగ్‌లో వచ్చినా ఇదే వాక్యం వాడొచ్చు.

‘కన్సెంట్’ ఒక మనిషి ఇచ్చే అనుమతి. ఆపరేషన్‌కి ముందు రోగి సంతకం చేసేది కన్సెంట్ ఫారమ్ మీద. ‘ఐ గివ్ మై కన్సెన్సస్’ అనే వాక్యం తప్పు. ఒక్కరి దగ్గర కన్సెన్సస్ ఉండదు, గుంపుకే ఉంటుంది. రెండు మాటల మూలమూ లాటిన్‌లోని ఒకే క్రియ, అందుకే వినడానికి దగ్గరగా ఉంటాయి. విశేషణం దగ్గర ఈ చిక్కు మళ్లీ వస్తుంది. ‘కన్సెన్సువల్’ అంటే కన్సెన్సస్‌కి సంబంధించినది అనే అర్థం ఉన్నా, ఇప్పటి ఇంగ్లిష్‌లో ఆ మాట వినగానే ఇద్దరు వ్యక్తుల పరస్పర సమ్మతి, అదీ ఎక్కువగా శారీరక సంబంధాల విషయంలో, గుర్తుకొస్తుంది. ఆఫీసు రాతల్లో ‘కన్సెన్సువల్ డెసిషన్’ అని రాయకండి. ‘కన్సెన్సస్ డెసిషన్’ లేదా ‘డెసిషన్ బై కన్సెన్సస్’ అని రాయండి.

‘కాంప్రమైజ్’ అంటే రాజీ. తలా కొంత వదులుకోవడం. రాజీ ద్వారా కన్సెన్సస్ రావచ్చు, కానీ రాజీ లేకుండానూ రావచ్చు. ఒక్కోసారి ఒకరు చెప్పిన కొత్త విషయం విని మిగతావాళ్లు మనస్ఫూర్తిగా మనసు మార్చుకుంటారు. అక్కడ ఎవరూ ఏమీ వదులుకోలేదు.

‘అగ్రిమెంట్’ అన్నిటికంటే వెడల్పైన మాట. ఇద్దరి మధ్య ఒప్పందానికీ, సంతకాలు చేసిన కాగితానికీ, మామూలు అంగీకారానికీ అదే మాట. అనుమానంగా ఉన్నప్పుడు దాన్నే వాడండి, తప్పు రాదు. భార్యాభర్తలిద్దరూ ఒక మాట మీదికి వస్తే ‘దే అగ్రీడ్’ అంటే చాలు.

మూడో మెట్టు: స్పెల్లింగ్, పలుకు

సి, ఓ, ఎన్, ఎస్, ఈ, ఎన్, ఎస్, యు, ఎస్. మొత్తం తొమ్మిది అక్షరాలు, అందులో మూడు ఎస్‌లు, ఒక్కటే సి. నాలుగో అక్షరం దగ్గర సి రాయడం చాలా సాధారణమైన తప్పు. జనాభా లెక్కలకు వాడే ‘సెన్సస్’ అనే మాట సి తో మొదలవుతుంది, అది మనసులో మెదలడమే కారణం. ఈ రెండింటికీ చుట్టరికం లేదు. జనాభా లెక్కల మాట లాటిన్‌లో అంచనా కట్టడం అనే క్రియ నుంచి వచ్చింది. మన మాట ‘కలిసి’, ‘అనుభూతి చెందు’ అనే రెండు ముక్కల నుంచి వచ్చింది. రెండో ముక్కే సెన్స్, సెంటిమెంట్ వంటి మాటల్లోనూ ఉంది. ‘సెన్స్’ అనే మాట మొదటి అక్షరం ఏమిటో తలుచుకుంటే స్పెల్లింగ్‌లో తప్పు రాదు.

పలికేటప్పుడు ఒత్తు మధ్యలో: కన్-సెన్-సస్. మొదటిదీ చివరిదీ తేలిగ్గా పోవాలి.

నాలుగో మెట్టు: వాక్యంలో కుదిరేలా రాయండి

మొదట తెలుసుకోవాల్సింది, ఈ మాటకు వాడుకలో ఉన్న క్రియారూపం లేదు. ‘వుయ్ కన్సెన్సస్డ్’ అనకూడదు. నామవాచకంగా ఉంచి, పక్కన ఒక క్రియ పెట్టాలి. ఎక్కువగా వాడేవి ‘రీచ్’, ‘బిల్డ్’, ‘అరైవ్ ఎట్’. ఈ మూడింటికీ చిన్న తేడా ఉంది. ‘వుయ్ రీచ్డ్ ఎ కన్సెన్సస్’ అంటే చర్చ ముగిసింది, నిర్ణయం అయింది. ‘వుయ్ ఆర్ బిల్డింగ్ కన్సెన్సస్’ అంటే ఇంకా ఒక్కొక్కరితో మాట్లాడుతున్నాం, పని నడుస్తోంది. పైవాళ్లకు రిపోర్ట్ రాసేటప్పుడు ఈ రెండింటినీ కలపకండి. పని నడుస్తుండగానే రీచ్డ్ అని రాస్తే, రేపు ఎవరైనా అడ్డుపడితే మీ మాటే పోతుంది.

‘గెట్ కన్సెన్సస్’ అనడం మాటల్లో వినిపిస్తుంది, ఫర్వాలేదు. రాతలో ‘రీచ్’ బాగుంటుంది.

ముందు ‘ఎ’ పెట్టాలా వద్దా? రెండూ ఉన్నాయి. ఒక ఫలానా విషయం మీద కుదిరినదాన్ని చెప్పేటప్పుడు ‘ఎ కన్సెన్సస్’. ఆ పద్ధతిని గురించి చెప్పేటప్పుడు ‘ఎ’ లేకుండా: ‘డెసిషన్స్ ఆర్ మేడ్ బై కన్సెన్సస్’. అందరికీ తెలిసిన, స్థిరపడిన అభిప్రాయం గురించైతే ‘ద కన్సెన్సస్ ఈజ్ దట్...’ అని మొదలుపెట్టండి. బహువచనం నిఘంటువుల్లో ఉంది కానీ అవసరం దాదాపు రాదు.

తర్వాత వచ్చే చిన్న మాటలు: విషయం చెప్పాలంటే ‘ఆన్’, అప్పుడప్పుడూ ‘అబౌట్’. మనుషుల్ని చెప్పాలంటే ‘అమాంగ్’. పూర్తి వాక్యం రావాలంటే ‘దట్’. చివరి రెండూ ఒకే వాక్యంలో పెట్టి చూడండి: ‘దేర్ ఈజ్ ఎ కన్సెన్సస్ అమాంగ్ ద మెంబర్స్ దట్ ద ఓల్డ్ రూల్ షుడ్ గో.’ పాత నిబంధన తీసేయాలని సభ్యుల మధ్య ఏకాభిప్రాయం ఉంది. ‘ఆన్’తో ఇంకొకటి: ‘ద కమిటీ ఫెయిల్డ్ టు రీచ్ ఎ కన్సెన్సస్ ఆన్ ద డేట్.’ తేదీ విషయంలో కమిటీ ఒక మాట మీదికి రాలేకపోయింది.

ముందు పెట్టే విశేషణాల్లో ‘బ్రాడ్’ మంచిది. పెద్ద విషయం మీద కుదిరింది, చిల్లర వివరాల మీద తేడాలు ఉన్నాయి అని నిజాయితీగా చెబుతుంది. ‘గ్రోయింగ్’ అంటే రోజురోజుకీ ఎక్కువమంది ఆ వైపు వస్తున్నారని. ‘రఫ్’ గురించి తర్వాత చెబుతాను. ‘జనరల్ కన్సెన్సస్’ విషయంలో మాత్రం జాగ్రత్త. కన్సెన్సస్ అంటేనే గుంపు మొత్తానిది, మళ్లీ ‘జనరల్’ ఎందుకని శైలి విషయంలో పట్టుదల ఉన్నవాళ్లు దిద్దుతారు. ‘కన్సెన్సస్ ఆఫ్ ఒపీనియన్’ మీద కూడా అదే అభ్యంతరం ఉంది. మంచి రచయితలు కూడా ఈ రెండూ వాడతారు, తప్పని కొట్టేయలేం. అయినా ఒక మాట తగ్గితే వాక్యం బాగుపడుతుంది.

ఐదో మెట్టు: చదివేటప్పుడు, ఏ రంగం మాటో ముందు చూసుకోండి

ఒకే మాట నాలుగు చోట్ల నాలుగు పనులు చేస్తుంది. ఇది తెలియకపోతే అర్థం పక్కదారి పడుతుంది.

దౌత్య వార్తల్లో ‘అడాప్టెడ్ బై కన్సెన్సస్’ అంటే ఓటింగ్ లేకుండా ఆమోదించారని. అధ్యక్షస్థానంలో ఉన్నవారు అభ్యంతరం ఉందా అని అడుగుతారు, ఎవరూ మాట్లాడకపోతే నిర్ణయమైనట్టు ప్రకటిస్తారు. 2015 డిసెంబర్ 12న పారిస్ వాతావరణ ఒప్పందం అలాగే ఆమోదం పొందింది. సర్వసభ్య సమావేశంలోనైతే, ఆమోదం అయ్యాక కూడా ఏదైనా దేశం తాను ఫలానా భాగంతో ఏకీభవించడం లేదని రికార్డులో చెప్పుకోవచ్చు. అంటే అడ్డుకోలేదు, అలాగని తన మాట వదులుకోనూ లేదు.

సముద్ర చట్టాల ఒప్పందం కథ ఇంకా ఆసక్తికరం. 1973లో మొదలైన ఆ సమావేశాలు ఏళ్ల పాటు కన్సెన్సస్ పద్ధతిలోనే సాగాయి. ఓటింగ్ జోలికి పోకుండా వీలైనంత వరకు సర్దుబాటు చేసుకోవాలన్నది వాళ్ల ముందస్తు మాట. చివరికి 1982 ఏప్రిల్ 30న ఓటింగ్ తప్పలేదు. 130 దేశాలు అనుకూలం, 4 వ్యతిరేకం, 17 తటస్థం. పద్ధతి కన్సెన్సస్, ముగింపు మాత్రం ఓటు. కాబట్టి ఒక పత్రం గురించి ‘నెగోషియేటెడ్ బై కన్సెన్సస్’ అని చదివితే అది ‘అడాప్టెడ్ బై కన్సెన్సస్’ అయిందనుకోకండి.

సైన్స్ వ్యాసాల్లో పరిస్థితి వేరు. అక్కడ ఎవరూ ఒక గదిలో కూర్చుని అభ్యంతరాలు అడగరు. సంవత్సరాల తరబడి వేర్వేరు చోట్ల, వేర్వేరు పద్ధతుల్లో చేసిన పరిశోధనలన్నీ ఒకే వైపు చూపిస్తుంటే, ఆ రంగంలో పనిచేసేవాళ్లు దాన్ని ప్రశ్నించడం మానేసి దాని మీద ముందుకు కట్టుకుంటూ పోతారు. దాన్ని ‘సైంటిఫిక్ కన్సెన్సస్’ అంటారు. ఆధారాల బరువు వల్ల వచ్చేది అది, చేతులెత్తితే వచ్చేది కాదు. భూమి వేడెక్కడానికి మనుషులే కారణమన్న విషయంలో తరచూ వినిపించే 97 శాతం అంకె 2013లో వచ్చిన ఒక విశ్లేషణది. దాదాపు 12,000 పరిశోధన పత్రాల సారాంశాలు చూసి, వాటిలో ఈ ప్రశ్న మీద ఏదో ఒక వైఖరి చెప్పినవాటిని మాత్రమే లెక్కించి వేసిన అంకె అది. ‘కన్సెన్సస్’ పక్కన శాతం కనిపించినప్పుడల్లా, దేనిలో శాతమో చూడండి.

ఈ కన్సెన్సస్ మారదని కాదు. ఖండాలు కదులుతాయని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ 1912లో చెప్పినప్పుడు భూగర్భ శాస్త్రవేత్తల్లో చాలామంది ఒప్పుకోలేదు. సముద్రగర్భం నుంచి కొత్త ఆధారాలు వచ్చాక 1960లలో ఆ రంగం మొత్తం ఆ వైపుకి తిరిగింది. మార్చింది ఆధారాలు. ఎవరో ఒకరు గట్టిగా కాదంటున్నారు కాబట్టి సైన్స్‌లో కన్సెన్సస్ లేదని వాదించేవాళ్లు మీటింగ్ అర్థాన్ని తెచ్చి ఇక్కడ పెడుతున్నారు. అది కుదరదు.

షేర్ మార్కెట్ రిపోర్టుల్లో ‘కన్సెన్సస్ ఎస్టిమేట్’ అంటే ఒక కంపెనీ లాభం గురించి వేర్వేరు విశ్లేషకులు వేసిన అంచనాల సగటు, లేదా మధ్యస్థం. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఒక అంకె మీదికి వచ్చారని కాదు. ఒకరు 8 అన్నారు, ఇంకొకరు 12 అన్నారు, కన్సెన్సస్ 10 అవుతుంది. 10 అని ఎవరూ అనకపోయినా సరే. ‘బీట్ ద కన్సెన్సస్’ అని చదివితే ఆ సగటును దాటిందని అర్థం.

బిట్‌కాయిన్, ఇథీరియం వంటి డిజిటల్ కరెన్సీల వెనక ఉండే బ్లాక్‌చెయిన్ గురించి చదివేటప్పుడు కన్సెన్సస్ మనుషులకు సంబంధించినది కాదు, కంప్యూటర్లది. ఒకరినొకరు నమ్మనవసరం లేని వేలాది కంప్యూటర్లు ఏ లావాదేవీ ముందు జరిగింది, ఏది చెల్లుతుంది అనే దానిమీద ఒకే రికార్డుకు కట్టుబడే పద్ధతి అది. బిట్‌కాయిన్‌ది ఒక పద్ధతి, 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మారింది ఇంకో పద్ధతికి. ఇంతవరకు తెలిస్తే వార్త అర్థమవుతుంది.

ఆరో మెట్టు: ఆ మాట రాసే ముందు, నిజంగా ఉందో లేదో అడగండి

నా దృష్టిలో ఈ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కన్సెన్సస్ దానంతటదే కనిపించదు. అడిగి తెలుసుకోవాలి. ఎలా అడుగుతారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

‘ఈజ్ ఎవ్రీవన్ ఓకే విత్ దిస్?’ అని అడిగితే తలలు ఊగుతాయి. ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది, కాదనాలంటే ధైర్యం కావాలి. దాని బదులు ఇలా అడగండి: ‘వాట్ కన్సర్న్స్ డు వుయ్ స్టిల్ హ్యావ్?’ ఇంకా ఏమేం సందేహాలు ఉన్నాయి? ఉంటాయన్న నమ్మకంతో అడిగిన ప్రశ్న ఇది. చెప్పేవాళ్లకు దారి తీసినట్టవుతుంది. సందేహాలన్నీ వచ్చాక ఒక్కొక్కదానికి జవాబు చూడండి. ఆ తర్వాత చివరి ప్రశ్న: ‘కెన్ ఎవ్రీవన్ లివ్ విత్ దిస్ డెసిషన్?’ మీకు బాగా నచ్చిందా అని కాదు, దీనితో సర్దుకుని ముందుకు పోగలరా అని. కన్సెన్సస్‌కి సరిపడే ప్రశ్న ఇది.

మెతకగా ఉండేవాళ్లనూ, కొత్తగా చేరినవాళ్లనూ పేరు పెట్టి అడగండి. పెద్ద హోదాలో ఉన్నవాళ్లను ఆఖర్న మాట్లాడమనండి. వాళ్లు ముందే చెప్పేస్తే తర్వాత వచ్చేవన్నీ ప్రతిధ్వనులే.

జవాబులు మూడు రకాలుగా వస్తాయి. ‘ఐ అగ్రీ’ అన్నవాళ్లతో సమస్య లేదు. ‘ఐ విల్ స్టాండ్ అసైడ్’ అంటే నాకు ఇష్టం లేదు కానీ అడ్డుపడను, పక్కన ఉంటాను అని; వాళ్ల పేరూ కారణమూ రాసుకుని నిర్ణయం తీసుకోవచ్చు. ‘ఐ కెనాట్ సపోర్ట్ దిస్’ అన్నవాళ్లుంటే ఆగాలి. కారణం అడగాలి. ఆ కారణం అందరికీ నష్టం చేసే విషయమా, లేక వాళ్ల ఇష్టాయిష్టాల విషయమా అని అందరూ కలిసి చూడాలి.

ఇక్కడ ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ అనే సంస్థ పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. 1986లో మొదలైన ఆ సంస్థలో ఓటింగ్ లేదు, వాళ్లది ‘రఫ్ కన్సెన్సస్’. మీటింగ్ గదిలో ఏ వైపు ఎంత బలం ఉందో తెలుసుకోవడానికి చేతులెత్తమనే బదులు నోరు మూసుకుని హమ్ చేయమనడం అక్కడి ఆనవాయితీ. శబ్దం వినిపిస్తుంది, ఎవరు చేశారో కనిపించదు. అది కూడా తీర్పు కాదు, చర్చ ఎక్కడుందో తెలుసుకోవడానికే. 2014లో వాళ్లు రాసుకున్న ఒక పత్రం ఇంకా ముందుకు వెళ్లింది. వందమంది అనుకూలం, ఐదుగురు వ్యతిరేకం అయినా రఫ్ కన్సెన్సస్ లేకపోవచ్చు. ఆ ఐదుగురు చెప్పిన సాంకేతిక లోపానికి జవాబు ఇవ్వకపోతే లేనట్టే. ఐదుగురు అనుకూలం, వందమంది వ్యతిరేకం అయినా ఉండొచ్చు. ఆ వందమంది చెప్పిన అభ్యంతరం ఒక్కటే అయి, దానికి సరైన జవాబు దొరికి ఉంటే. తలలు లెక్కపెట్టడం కాదు, అభ్యంతరాలు తీర్చడమే పని అని ఇంత స్పష్టంగా చెప్పినవాళ్లు అరుదు.

మెయిల్ ద్వారా అడగాల్సి వస్తే గడువు పెట్టండి. నాటో కూటమి 32 దేశాలతో అన్ని నిర్ణయాలూ కన్సెన్సస్ ద్వారానే తీసుకుంటుంది. అక్కడ ‘సైలెన్స్ ప్రొసీజర్’ అని ఒకటి ఉంది. ముసాయిదా అందరికీ పంపి ఒక సమయం పెడతారు. ఆ లోపు ఎవరూ అభ్యంతరం రాయకపోతే ఆమోదం పొందినట్టు. మీరూ ఇలా రాయవచ్చు: ‘ప్లీజ్ సెండ్ ఎనీ అబ్జెక్షన్స్ బై ఫ్రైడే ఈవెనింగ్. ఇఫ్ దేర్ ఆర్ నన్, వుయ్ విల్ గో అహెడ్.’ అయితే రెండు షరతులు. మౌనం అంగీకారం కింద లెక్కిస్తామని ముందే చెప్పి ఉండాలి. చదివి ఆలోచించేంత సమయం ఇవ్వాలి. సాయంత్రం పంపి మర్నాడు పొద్దున్నే గడువు అంటే అది అడిగినట్టు కాదు.

ఏడో మెట్టు: మినిట్స్‌లో ఉన్నది ఉన్నట్టు రాయండి

నిజంగా కుదిరితే: ‘ద గ్రూప్ రీచ్డ్ ఎ కన్సెన్సస్ టు పోస్ట్‌పోన్ ద లాంచ్ బై టూ వీక్స్.’ దాని కిందే, ఎవరైనా పక్కన నిలబడి ఉంటే ‘వన్ మెంబర్ స్టుడ్ అసైడ్’ అని కారణంతో సహా ఒక వాక్యం. దీనివల్ల కన్సెన్సస్ బలహీనపడదు. ఆ మనిషికి మాత్రం తన మాట ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది.

పెద్ద విషయం కుదిరి వివరాలు మిగిలితే: ‘దేర్ వాజ్ బ్రాడ్ కన్సెన్సస్ ఆన్ ద ప్లాన్, ద బడ్జెట్ ఈజ్ స్టిల్ అండర్ డిస్కషన్.’ ఎక్కువమంది ఒప్పుకుని కొందరు ఒప్పుకోకపోతే కన్సెన్సస్ అనే మాట జోలికే పోకండి: ‘మోస్ట్ మెంబర్స్ సపోర్టెడ్ ద ప్రపోజల్, త్రీ డిడ్ నాట్.’ ఓటేస్తే అంకెలు రాయండి. అసలు కుదరకపోతే ‘నో కన్సెన్సస్ వాజ్ రీచ్డ్’ అని రాసి, ఏ ప్రశ్న దగ్గర ఆగిందో, మళ్లీ ఎప్పుడు కూర్చుంటారో రాయండి. కుదరలేదని రాయడంలో నామోషీ ఏమీ లేదు.

ఇక ఎవరో రాసిన మినిట్స్‌లో, మీరు ఒప్పుకోని విషయానికి కన్సెన్సస్ అని ఉంటే? ఆ రోజే జవాబు రాయండి. ఆలస్యమైతే అది అంగీకారంగా మిగిలిపోతుంది. తప్పు పట్టే గొంతు అక్కర్లేదు, దిద్దమని అడిగితే చాలు: ‘థాంక్యూ ఫర్ ద నోట్స్. ఐ హ్యాడ్ రైజ్డ్ ఎ కన్సర్న్ అబౌట్ ద టైమ్‌లైన్, అండ్ ఇట్ వాజ్ నాట్ రిజాల్వ్డ్. కుడ్ వుయ్ రికార్డ్ దట్, ఆర్ డిస్కస్ ఇట్ ఒన్స్ మోర్ బిఫోర్ కాలింగ్ ఇట్ ఎ కన్సెన్సస్?’ గడువు గురించి నేను లేవనెత్తిన సందేహం ఇంకా తేలలేదు, దాన్ని రాయండి, లేదంటే కన్సెన్సస్ అనే ముందు మరోసారి మాట్లాడుకుందాం అని. మీటింగ్‌లో ఉన్న అందరికీ ఆ జవాబు వెళ్లేలా పంపండి.